ముళ్లపొదకు కట్టిన ఎర్రగుడ్డ

బేగిమాయ్ సైకిల్ చెయిన్ మళ్లీ ఊడిపోయింది. ఆ పొద్దుట్నుంచి ఇది మూడోసారి.

"నీకు చెయిన్ ఎందుకే, తాడు కట్టుకో," అంటూ దాస్తాన్ ఆమెను దాటుకుని వెళ్లిపోయాడు.

దాస్తాన్‌ది కొత్త సైకిల్. ఏడు గేర్లు. గేరు మార్చినప్పుడల్లా టిక్కుమంటుంది. ఆ టిక్కు బేగిమాయ్ చెవిన పడాలని వాడు అవసరం లేకపోయినా గేరు మారుస్తూ ఉంటాడు.

బేగిమాయ్ తొక్కేది వాళ్ల నాన్న సైకిల్. నాన్న గొర్రెల మందతో పై పచ్చికకు వెళ్లాడు. ఆకులు రాలేదాకా దిగిరాడు. సీటు ఎంత దించినా ఆమెకు మునివేళ్లే పెడలుకు అందుతాయి. అయినా ఆ సైకిలంటే ఆమెకు ప్రాణం. దాన్ని "నా గుర్రం" అంటుంది.

"గుర్రం అనకు, ఊళ్లో గాడిదలు వింటే కోప్పడతాయి," అంటాడు దాస్తాన్.

ఇద్దరూ ఐదో తరగతి. వాళ్ల క్లాసుకు బడి మధ్యాహ్నం షిఫ్టు. అందుకే పొద్దున పొద్దున్నే ఊరి చివర అర్చాలీ అడవికి వచ్చేస్తారు. అది రక్షిత అడవి. అక్కడ చెట్టు కొట్టకూడదు, గొర్రెల్ని తోలకూడదు. నడవొచ్చు, పరిగెత్తొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. పోస్టాఫీసులో పనిచేసే అక్కలు ఇద్దరు రోజూ కబుర్లు చెప్పుకుంటూ పరిగెడతారు. పరుగు ఆగినా వాళ్ల కబుర్లు ఆగవు. రొట్టెల కొట్టాయన చంటివాణ్ణి ముందు బుట్టలో కూర్చోబెట్టుకుని తొక్కుతాడు. దారికి రెండు పక్కలా, చలికాలంలోనూ పచ్చగా ఉండే అర్చా చెట్లు. ఎండ తగిలితే వాటి ఆకుల్లోంచి ఒక ఘాటైన, మంచి వాసన వస్తుంది. ఆ వాసనలో పల్లం దారి పట్టి సైకిల్ వదిలేస్తే బేగిమాయ్‌కి లెక్కల పరీక్ష కూడా గుర్తురాదు.

ఆ దారి చివర ఊట ఉంది. ఊట దాకా వెళ్లి, చల్లటి నీళ్లు తాగి, వెనక్కి రావడం అందరికీ అలవాటు.

ఊట దగ్గరే పందెం కూడా కుదిరింది. ఆదివారం పొద్దున తొమ్మిదికి మొదలు. అడవి గేటు నుంచి ఊట దాకా. ఓడినవాళ్లు సోమవారం క్లాసులో అందరి ముందూ నిలబడి "నాది గాడిద, నీది గుర్రం" అనాలి.

పందెం ఒప్పుకున్నప్పుడు బేగిమాయ్‌కి పౌరుషం వచ్చింది. ఇప్పుడు చెయిన్ ఎక్కిస్తూ దారి మధ్యలో కూర్చుంటే దిగులు వచ్చింది.

జేబులోంచి ఎర్రగుడ్డ తీసి చేతులకు అంటిన నూనె తుడుచుకుంది. తన పాత స్కార్ఫు చింపి చేసుకున్న గుడ్డ అది. చెయిన్ తుడవడానికి ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. తుడుచుకుంటూ తలెత్తి చూసింది.

అక్కడ దారి రెండుగా చీలింది. కుడివైపుది అందరూ వెళ్లే దారి. కొండ చుట్టూ తిరిగి ఊట దగ్గరకు చేరుతుంది. ఎడమవైపు సన్నటి కాలిబాట. అడవిని రక్షించడం మొదలుపెట్టక ముందు గొర్రెలు నడిచిన బాట. ఒకప్పుడు ఇక్కడ బాణం గుర్తు వేసిన బోర్డు ఉండేది. చలికాలం మంచు బరువుకు అది పడిపోయింది. "రేపు నిలబెడతా," అని అడవి కాపలా చూసే ఇసాబెక్ బాబాయ్ మార్చి నుంచి అంటున్నాడు. ఇప్పుడు మే నెల నడుస్తోంది.

బేగిమాయ్ సైకిల్‌ను నడిపించుకుంటూ ఎడమవైపు వెళ్లి చూసింది. కొంచెం దూరం పోయాక వాగు వచ్చింది. దానిమీద ఒక దుంగ పడి ఉంది. పొద్దున కదా, నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. సైకిల్‌ను భుజాన వేసుకుని దుంగ దాటింది. అవతల రాళ్ల మీదుగా నిటారుగా ఎక్కాలి. రొప్పుతూ, సైకిల్ ఈడుస్తూ ఎక్కింది. పైకి చేరి చూస్తే ఏముంది, ఎదురుగా ఊట.

దాస్తాన్ ఇంకా రాలేదు. వాడు కొండ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

బేగిమాయ్‌కి నవ్వాగలేదు. వాడు రాకముందే, తను వచ్చిన బాటనే కిందికి దిగిపోయింది. ఆదివారం హడావిడిలో ఈ చీలిక కనిపించకపోతే ఎలా? చీలిక దగ్గర, ఎడమవైపు ఒక ముళ్లపొద ఉంది. ఎర్రగుడ్డ లోంచి ఒక పేలిక చింపి పొద కొమ్మకు గట్టిగా కట్టింది.

"ఇక చూడు, ఎవరిది గాడిదో," అనుకుంది.

* * *

బుధవారం నుంచి పరీక్షలు మొదలయ్యాయి. శుక్రవారం దాకా అడవి వైపు వెళ్లడానికి కుదరలేదు.

శనివారం బడి లేదు. అమ్మ బోర్సోక్‌లు వేయిస్తోంది. పిండి ముక్కలు నూనెలో బుడగల్లా పొంగి పైకి వస్తుంటే బేగిమాయ్ వాటిని చిల్లుల గరిటెతో తీసి గుడ్డ మీద పోస్తోంది. ఆదివారం అడవిలో తినడానికే అవి.

నానమ్మ చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. తలకు తెల్ల రుమాలు కట్టుకుని, కాళ్లకు కొత్త రబ్బరు గలోష్‌లు తొడుక్కుని ఉంది.

"ఎక్కడికత్తయ్యా?" అంది అమ్మ.

"డాక్టరు నడవమన్నాడుగా. ఊట దాకా నడిచొస్తా."

"ఇప్పుడా? ఎండెక్కిపోయింది. రేపు అందరం వెళ్తాం కదా."

"రేపు మీ అందరి వెనకా నన్ను ముసలి మేకలా తోలుకెళ్తారు. నా అంతట నేను నడవాలి." నానమ్మ గుడ్డ మీంచి ఒక బోర్సోక్ తీసుకుని జేబులో వేసుకుంది. మరో జేబులో కురుత్ ఉండలు ఎప్పుడూ ఉంటాయి. ఎండబెట్టిన ఆ పెరుగు ఉండలు లేకుండా నానమ్మ గడప దాటదు.

మోకాళ్ల నొప్పితో ఆమె అడవికి వెళ్లి రెండేళ్లయింది. ఆ మధ్యే పాత దారి మీద కొండచరియ విరిగిపడింది. ఇప్పుడు అందరూ నడిచేది తర్వాత వేసిన దారి.

"దారి మారింది నానమ్మా. బోర్డు కూడా పడిపోయింది," అంది బేగిమాయ్.

"నాకు బోర్డు ఎందుకే? చదివే కళ్లా నావి?" అంది నానమ్మ. "గుడ్డలు చూసుకుంటూ పోతా. గుడ్డ కట్టిన చోటికి నడిస్తే ఊట వస్తుంది. మా అమ్మ చెప్పిన మాట. గుడ్డ అబద్ధం చెప్పదు."

ఊట పక్కన ముసలి అర్చా చెట్టుకు జనం గుడ్డ పేలికలు కడతారు. పేలిక కట్టి, మనసులో ఒక కోరిక కోరుకుని, అరచేతులతో ముఖం తుడుచుకుంటారు. బేగిమాయ్‌కి ఆ మాట విని నవ్వొచ్చింది. తను కట్టిన పేలిక ఆ క్షణంలో ఆమెకు గుర్తే రాలేదు. గుర్తొచ్చినా దానికీ దీనికీ సంబంధం ఉందని తోచేది కాదేమో.

నానమ్మ వెళ్లేసరికి పన్నెండు కావస్తోంది.

రెండున్నరకు అమ్మ గోడ గడియారం చూసింది. మూడింటికి మళ్లీ చూసింది. మూడున్నరకు ఫోన్ చేసింది. ఫోన్ పక్క గదిలోనే మోగింది. నానమ్మ దాన్ని ఛార్జింగులో పెట్టి మరిచిపోయింది.

"బేగిమాయ్, సైకిల్ తియ్," అంది అమ్మ. "అడవిలోకెళ్లి చూడు. నేను ఇరుగుపొరుగుని అడిగి వెనకే వస్తా."

* * *

దారిలో దాస్తాన్ కనిపించాడు. విషయం విన్నాక వాడు ఒక్క ఎగతాళి మాట కూడా అనలేదు. సైకిల్ తిప్పి ఆమె వెంట వచ్చాడు.

గేటు దగ్గర ఇసాబెక్ బాబాయ్ గుర్రానికి నీళ్లు పెడుతున్నాడు.

"సూరకాన్ పెద్దమ్మా? ఊటకొచ్చిందా?" అన్నాడు. "నేను పొద్దుట్నుంచి ఊట దగ్గరే ఉన్నానే. గుర్రాలెళ్లే పై దారిన వెళ్లి, ఆ దారినే ఇప్పుడు దిగొచ్చా. ఆమె రాలేదే."

బేగిమాయ్ అప్పటికే సైకిల్‌ను గేటు లోపలికి తిప్పింది.

బాబాయ్ గుర్రమెక్కాడు. పిల్లలిద్దరూ వెనక తొక్కారు. ఎదురొచ్చిన వాళ్లందరినీ అడిగారు. పోస్టాఫీసు అక్కల్లో ఒకామె అంది, "తెల్ల రుమాలు, చేతికర్ర. చూశాం. చాలాసేపయింది. హుషారుగా నడుస్తోంది, మాకంటే ముందెళ్లింది."

దారి చీలిన చోటికి వచ్చారు. బాబాయ్ గుర్రాన్ని ఆపాడు.

"ఇదేంటిది?"

ఎడమవైపు ముళ్లపొద నిండా గుడ్డ పేలికలు. తెల్లవి, నీలంవి, పూలవి. ఒక బూటు లేసు. చంటిపిల్లల టోపీకి ఉండే నాడా ఒకటి. అన్నింటి మధ్యా నూనె మరకల ఎర్ర పేలిక.

"ఊట ఇక్కడికెప్పుడు నడిచొచ్చిందో నాకెవరూ చెప్పలేదు," అన్నాడు బాబాయ్. "ఎవరో ఒకరు కట్టుంటారు. మిగతావాళ్లంతా గొర్రెదాటు. నాలుగు రోజులు పైన కంచె పనిలో ఉంటే ఇదీ సంగతి." అని గుర్రాన్ని కుడివైపు తిప్పాడు. "పదండి. పెద్దమ్మ ఈ దారిలోనే ఎక్కడో కూలబడి ఉంటుంది. చెట్లూ పొదలూ వెతుక్కుంటూ పోదాం."

బేగిమాయ్ కదల్లేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

గుడ్డ అబద్ధం చెప్పదు. నానమ్మ అన్న మాట చెవిలో మోగుతోంది. నానమ్మకు కళ్లు సరిగా ఆనవు. కానీ ఇన్ని రంగులు ఆనుతాయి. ఆమె ఎటు వెళ్లిందో ఈ ముగ్గురిలో బేగిమాయ్ ఒక్కదానికే తెలుసు. చెబితే దాస్తాన్‌కి తెలిసిపోతుంది. సోమవారానికి క్లాసంతా తెలిసిపోతుంది. అడ్డదారి బేగిమాయ్ అంటారు.

అప్పుడు ఎడమవైపు నుంచి ఒక హోరు వినిపించింది. వాగు. పొద్దున చీలమండ దాకా రాని వాగు. ఎండెక్కి పైన మంచు కరిగితే సాయంత్రానికి మోకాలు దాటి ఉరుకుతుంది. ఆ ఊళ్లో నడక వచ్చిన ప్రతి పిల్లకూ ఆ సంగతి తెలుసు.

"బాబాయ్, అటు కాదు," అంది బేగిమాయ్.

బాబాయ్ వెనక్కి తిరిగాడు.

"నానమ్మ ఇటెళ్లింది. ఆ ఎర్రది నేనే కట్టా. మంగళవారం. కోరిక కాదు. దారి గుర్తుకి కట్టా. అటు వాగుంది. దుంగ దాటితే ఊట దగ్గరి దారి." మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. "పందెం కోసం కట్టా. వేరేవాళ్లు కడతారనుకోలేదు."

దాస్తాన్ నోరు తెరిచాడు. "అంటే నన్ను అడ్డదారిలో..."

"తర్వాత తిట్టుకో," అన్నాడు బాబాయ్. అప్పటికే గుర్రం ఎడమ బాటలోకి దూకింది.

పిల్లలు సైకిళ్లు అక్కడే పడేసి పరిగెత్తారు. కొమ్మలు ముఖానికి తగులుతున్నా బేగిమాయ్ ఆగలేదు. హోరు పెరుగుతోంది. వాగు కనిపించింది. దుంగ మీదుగా మట్టి రంగు నీళ్లు పొర్లిపోతున్నాయి.

"నానమ్మా," అని అరిచింది. హోరులో ఆ గొంతు ఆమెకే వినిపించలేదు.

దాస్తాన్ ఆమె చెయ్యి పట్టి లాగాడు. "అదిగో. అక్కడ. ఆ బండ మీద."

వాగు అవతల, నీళ్లు అందనంత ఎత్తులో ఒక పెద్ద బండ. దానిమీద తెల్ల రుమాలు. నానమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒక కాలికి గలోష్ ఉంది, ఇంకో కాలికి లేదు. నోట్లో ఏదో నములుతోంది.

బేగిమాయ్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్కడే నేల మీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. దాస్తాన్ ఏం చెయ్యాలో తెలియక పక్కన నిలబడి, తర్వాత తను కూడా కూర్చున్నాడు.

బాబాయ్ గుర్రాన్ని వాగులోకి దించాడు. నీళ్లు గుర్రం పొట్టను తాకాయి. అది అలవాటున్న గుర్రం, ఒక్కో అడుగూ తడిమి వేసింది. అవతలి గట్టు చేరాక నానమ్మ మాట వీళ్లకు కూడా వినిపించేంత గట్టిగా ఉంది.

"ఇంతమంది ఎందుకొచ్చారు? ఎవరైనా టీ తెచ్చారా?"

"పెద్దమ్మా, దెబ్బలేమైనా తగిలాయా?"

"నాకేం కాలేదు. కర్ర పోయింది, ఓ చెప్పు పోయింది. వాగు వాటిని తీసుకుపోయింది, నన్ను తీసుకుపోవడానికి దానికి తీరిక లేదు." నానమ్మ లేవబోయి మోకాలు పట్టుకుంది. "ఒంటిగంటకు దాటా, నీళ్లింకా తక్కువే. ఆ రాళ్లెక్కబోతే కర్ర జారింది. వెనక్కొచ్చి చూస్తే ఇది ఉరుకుతోంది. దాటితే చస్తా, కూర్చుంటే బతుకుతా. కూర్చున్నా. తెల్లారేసరికి ఎలాగూ తగ్గుతుందిగా."

బాబాయ్ ఆమెను గుర్రమెక్కించి, వెనక కూర్చుని, తిరిగి వాగు దాటించాడు. ఇవతలికి రాగానే బేగిమాయ్ వెళ్లి నానమ్మ చెప్పులేని కాలును రెండు చేతులతో పట్టుకుంది. పాదం మంచులా ఉంది. తన జాకెట్ విప్పి ఆ కాలికి చుట్టింది.

"ఏడవకే. కురుత్ తింటావా?" అంది నానమ్మ.

* * *

చీలిక దగ్గరకు వచ్చాక నానమ్మ గుర్రం మీది నుంచే పొదను చూసింది.

"ఇదే. ఇది చూసే ఇటు తిరిగా. మొదట కట్టినవాళ్లెవరో గానీ..."

"నేనే, నానమ్మా."

పందెం గురించీ, చెయిన్ తుడిచే గుడ్డ గురించీ అంతా చెప్పింది. నానమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని బేగిమాయ్‌కి అనిపించింది.

నానమ్మ జేబులోంచి ఒక తెల్ల పేలిక తీసింది. తన పాత రుమాలు అంచు అది. "దీన్ని కడదామనే బయల్దేరా," అంది. "రేపు నువ్వు పందెంలో సైకిల్ మీంచి పడకూడదని."

"పందెం సంగతి నీకు తెలుసా?"

"నిద్రలో కూడా గాడిద, గుర్రం అని కలవరిస్తుంటే తెలీదా?"

"గెలవాలని కోరుకోలేదా?" అన్నాడు దాస్తాన్, తనకు అవసరం లేకపోయినా.

"గెలుపు దాని కాళ్ల పని. దానికి దేవుణ్ణెందుకు ఇబ్బంది పెట్టడం?"

బేగిమాయ్ తలదించుకుంది. నానమ్మ తన కోసమే వచ్చింది. తను కట్టిన గుడ్డే నానమ్మను వాగు దాటించింది.

బాబాయ్ నడుముకున్న కత్తి తీశాడు. "ముందు వీటిని కోసి పారేస్తా. ఇంకెవరూ అటు పోకుండా."

"ఆగు," అంది నానమ్మ. "ఒకళ్లు కట్టిన కోరికని ఇంకొకళ్లు కొయ్యొచ్చా? ఆ టోపీ నాడా చూడు. ఏ తల్లి కట్టిందో. వాళ్లు ఉత్తినే కట్టలేదు."

బాబాయ్ కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కొయ్యకూడదు. ఉంచకూడదు. ఇప్పుడెలా?

బేగిమాయ్ పొద దగ్గరకు వెళ్లి టోపీ నాడా ముడిని వేలితో తడిమింది. "విప్పి తీసుకెళ్లి ఊట దగ్గర కట్టొచ్చా? పారేయకుండా. అవి వెళ్లాల్సింది అక్కడికేగా."

నానమ్మ ఆలోచించింది. "కట్టొచ్చు. కానీ ముడి ముడీ చేత్తో విప్పాలి. చింపకూడదు. మోసుకెళ్లేవాళ్లు నడిచే వెళ్లాలి."

"నడుస్తా," అంది బేగిమాయ్.

బాబాయ్ కత్తి లోపల పెట్టుకున్నాడు. అప్పటికి మాత్రం ఒక ఎండు దుంగను ఎడమ బాటకు అడ్డంగా లాగి పడేశాడు. "నా బోర్డు నిలబడి ఉంటే ఇదంతా జరిగేది కాదు. నా తప్పు కూడా ఉందిలే," అని గొణిగాడు.

గేటు దగ్గర అమ్మ ఎదురొచ్చింది. నానమ్మను చూసి ఆమెను గట్టిగా పట్టుకుంది. తర్వాత అందరికీ టీ పోసింది. పాలు పోసిన వేడి టీ అంత బాగుంటుందని బేగిమాయ్‌కి ఆ రోజే తెలిసింది.

* * *

ఆదివారం తొమ్మిదింటికి దాస్తాన్ గేటు దగ్గరకు వచ్చాడు. బేగిమాయ్ లేదు. చీలిక దాకా వెళ్లి చూస్తే ముళ్లపొద ముందు గొంతుక్కూర్చుని ఉంది. సైకిల్‌ను చెట్టుకు ఆనించింది. పక్కన అమ్మ బుట్ట. అందులో ఏడెనిమిది పేలికలు. వేళ్ల మీద ముళ్లు గీరిన గీతలు.

"మరి పందెం?" అన్నాడు.

"నువ్వెళ్లు. నువ్వే గెలిచావు. రేపు క్లాసులో చెప్తాలే, నాది గాడిద అని."

దాస్తాన్ ఎక్కి తొక్కాడు. టిక్కు, టిక్కు. ఆ చప్పుడు మలుపు తిరిగి వినిపించకుండా పోయింది. కాసేపటికి మళ్లీ వినిపించింది.

"అప్పుడే వెళ్లొచ్చావా?"

"సగం దాకా వెళ్లా. వెనక ఎవరూ లేకపోతే ఎంత స్పీడుగా తొక్కినా ఏం బాలేదు." వాడు సైకిల్ దిగి పొద దగ్గర కూర్చున్నాడు. "అడ్డదారి సంగతికి నాకింకా కోపంగానే ఉంది. ఈ లేసు ముడి ఎవరు వేశారో గానీ, గుర్రాన్ని కట్టేసినట్టు వేశారు."

పళ్లతో లాగితే గానీ ఆ ముడి రాలేదు.

చివరికి ఎర్ర పేలిక ఒక్కటే మిగిలింది. బేగిమాయ్ దాన్ని విప్పి బుట్టలో వెయ్యలేదు. జేబులో పెట్టుకుంది.

అప్పటికి అమ్మా నానమ్మా వచ్చారు. నానమ్మ చేతిలో కొత్త కర్ర ఉంది. నిన్న రాత్రి బాబాయ్ చెక్కి ఇచ్చిన అర్చా కర్ర. బాబాయ్ కూడా వచ్చి చీలిక దగ్గర గొయ్యి తవ్వుతున్నాడు. బోర్డు పక్కనే పడుకోబెట్టి ఉంది.

"రేపు అనలేదే, బాబాయ్?" అన్నాడు దాస్తాన్.

"నోరు మూసుకుని ఆ రాళ్లందించు," అన్నాడు బాబాయ్.

ఊట దగ్గర ముసలి చెట్టు కొమ్మలు బరువుకు విరగకుండా రెండు గుంజల మధ్య తాడు కట్టి ఉంది. బేగిమాయ్ ఒక్కో పేలికా తీసి ఆ తాడుకు కట్టింది. కట్టిన ప్రతిసారీ, "ఇది నాది కాదు, కట్టినవాళ్లదే," అని పైకే అంది. అలా అనమని ఎవరూ చెప్పలేదు. టోపీ నాడాను మాత్రం అన్నింటికీ మధ్యలో, ఎండ తగిలే చోట కట్టింది. చివరికి నానమ్మ తన తెల్ల పేలిక కట్టి, అరచేతులు ముఖానికి రాసుకుని, ప్రార్థన ముగిస్తూ "ఓమిన్" అంది. అమ్మ బోర్సోక్‌లు పంచింది. అందరూ ఊట నీళ్లు తాగారు.

"ఆ ఎర్రది కట్టవా?" అంది నానమ్మ.

"అది కోరిక కాదుగా, నానమ్మా."

"మరేం చేస్తావు?"

బేగిమాయ్ ఆ పేలికను ఊట కింది కాలవలో రుద్ది రుద్ది ఉతికింది. నూనె మరక సగమే పోయింది. నీళ్లు పిండి, తీసుకెళ్లి నానమ్మ కర్ర పైకొసకు కట్టింది. గట్టిగా, రెండు ముళ్లు వేసి.

"ఇక నువ్వు ఎటెళ్లినా దూరం నుంచి కనిపిస్తావు," అంది.

నానమ్మ కర్రను ఎత్తి చూసుకుని దారి పట్టింది. అమ్మ ఖాళీ బుట్ట సర్దుతోంది. పోస్టాఫీసు అక్కలు కబుర్లాడుకుంటూ వాళ్లను దాటి పరిగెత్తారు. రొట్టెల కొట్టాయన బెల్లు కొట్టి పక్కకు తప్పుకున్నాడు. దాస్తాన్ ముందుకు వెళ్లడం, మలుపులో ఆగి గేరు టిక్కు టిక్కుమనిపించడం చేస్తున్నాడు.

"రావే, పల్లం వచ్చింది," అని అరిచాడు.

పల్లం దారి. అర్చా వాసన. బేగిమాయ్ ఒక కాలు పెడలు మీద పెట్టింది. తర్వాత తీసేసింది.

ముందు నానమ్మ నడుస్తోంది. కర్ర కొసన ఎర్రగుడ్డ మెల్లగా ఊగుతోంది. బేగిమాయ్ సైకిల్‌ను నడిపించుకుంటూ దాని వెనకే వెళ్లింది.